‘మెమరీ చాలట్లేదు’: 1948 నుంచి మన ఫోన్ దాకా ఒకటే గొడవ

ఈరోజు ఎపిసోడ్ ఒక పసుపు రంగు బెలూన్ గురించి. పుట్టినరోజు బెలూన్ కాదు. పాత కంప్యూటర్లలో స్క్రీన్ కింద కుడివైపు, టైమ్ కనిపించే చోటు మీదకి టక్‌మని లేచేది చూడండి, ఆ బెలూన్. 90ల్లో పుట్టినవాళ్ళు చాలామంది చూసే ఉంటారు. ‘మీ సిస్టమ్‌లో వర్చువల్ మెమరీ తక్కువగా ఉంది, పేజింగ్ ఫైల్ సైజు పెంచుతున్నాం, ఈలోపు కొన్ని ప్రోగ్రాములు అడిగిన మెమరీ ఇవ్వలేకపోవచ్చు’ అని దాని సారాంశం. మనం ఏం చేసేవాళ్ళం? చదవకుండా ఇంటూ గుర్తు నొక్కేసేవాళ్ళం.

మా ఇంట్లో ఆ బెలూన్‌ని చదవకపోవడం వల్ల 500 పెళ్లి కార్డులు చెత్తబుట్టలోకి వెళ్ళాయి. ముందు ఆ కథ చెప్తాను, తర్వాత చరిత్రలోకి వెళ్దాం.

మాది తణుకు. నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడు, అంటే 2007లో, మా నాన్న ఇంటి ముందు గదిలోనే డీటీపీ పని చేసేవారు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు. ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్, ఒక లేజర్ ప్రింటర్. పగలు దాని మీద పని, రాత్రి మా అక్క ప్రాజెక్టులు, ఆదివారం నా గేములు. ఇంటికీ షాపుకీ కలిపి అదొక్కటే. దాంట్లో ర్యామ్ 128 ఎంబీ. మళ్ళీ చెప్తున్నాను, జీబీ కాదు, ఎంబీ.

మాఘమాసం, ముహూర్తాల సీజన్. ఒక పెళ్లి కార్డు మ్యాటర్ టైప్ చేసి, పెళ్లికూతురి నాన్నగారికి ప్రూఫ్ చూపించి, ఆయన ఎర్ర పెన్నుతో దిద్దినవన్నీ నాన్న కంప్యూటర్‌లో మార్చారు. తెల్లవారి మొదటి బస్సుకి ట్రేసింగ్ పేపర్ రాజమండ్రి ప్రెస్‌కి వెళ్ళాలి. రాత్రి పదింటికి బెలూన్ లేచింది. నాన్న మూసేశారు. మళ్ళీ లేచింది, మళ్ళీ మూసేశారు. మూడోసారికి మొత్తం బిగుసుకుపోయింది. మౌస్ కదలదు, కీబోర్డు పలకదు. చివరికి వెనక స్విచ్ తీసేశారు. దిద్దిన ఫైల్ పోయింది.

దిద్దుబాట్లు ఉన్న ప్రూఫ్ కాగితాన్ని ఆయన పట్టుకెళ్ళిపోయారు. అర్ధరాత్రి ఫోన్ చేసి అడగడం మర్యాద కాదనుకుని, నాన్న గుర్తున్నంతలో మళ్ళీ టైప్ చేశారు. కంప్యూటర్ మెమరీ చాలక, మనిషి మెమరీ మీద పడిందన్నమాట. ముహూర్తం ‘తెల్లవారుజామున’ అని ఉండాల్సిన చోట ‘సాయంత్రం’ అని పడింది. 500 కార్డులు అచ్చయి వచ్చాక పెళ్లికూతురి నాన్నగారు వచ్చి, ‘ఇదేంటండీ మాస్టారూ, పెళ్లి అయిపోయాక వస్తారా చుట్టాలు?’ అన్నారు. తిట్టలేదు, అంతే అన్నారు. నాన్న రెండోసారి కార్డుల ఖర్చు తనే పెట్టుకున్నారు. ఆ నెల అక్క హాస్టల్ ఫీజు ఆలస్యమైంది.

కంప్యూటర్‌ని రిపేరు షాపుకి తీసుకెళ్తే ‘వైరస్ అండీ’ అని ఫార్మాట్ చేసి డబ్బులు తీసుకున్నారు. పది రోజులకి మళ్ళీ బెలూన్. మళ్ళీ ఫార్మాట్. మూడోసారి ‘ఇది వేస్తే ర్యామ్ డబుల్ అవుతుంది’ అని ఒక సీడీ అమ్మారు. అదేం చేసిందో తర్వాత చెప్తాను.

అసలు ఆ బెలూన్ ఏం చెప్తోంది?

దీనికి నాన్న టేబులే ఉదాహరణగా తీసుకుందాం. ఆయన టేబుల్ మీద ఇప్పుడు పని చేస్తున్న కాగితాలు ఉంటాయి. అది ర్యామ్. చెయ్యి చాపితే అందుతుంది, కానీ టేబుల్ చిన్నది. వెనక గోడకి బీరువా ఉంది. అది హార్డ్ డిస్క్. చాలా పడుతుంది, కానీ లేచి వెళ్ళి తీసుకురావాలి.

టేబుల్ నిండిపోతే ఏం చేస్తాం? ఇప్పుడు అక్కర్లేని కాగితాలు బీరువాలో ఒక అరలో పెట్టి, కావాల్సినప్పుడు తెచ్చుకుంటాం. కంప్యూటర్ కూడా అంతే. హార్డ్ డిస్క్‌లో ఆ పని కోసం పెట్టుకున్న అరనే పేజింగ్ ఫైల్ అంటారు. టేబుల్, ఆ అర, రెండూ కలిపి ఎంత చోటు ఉందో అదే ఆ కంప్యూటర్ ఇవ్వగలిగే మొత్తం మెమరీ. బెలూన్ వచ్చిందంటే టేబుల్ ఒక్కటే కాదు, ఆ అర కూడా నిండిపోవచ్చిందని అర్థం. వైరస్ ఉందని కాదు, కంప్యూటర్ పాడైందని కూడా కాదు.

ఈ టేబుల్-బీరువా ఐడియా ఎవరిది? ఎప్పటిది? 

128 ఎంబీ కాదు, 128 బైట్లు

1948 జూన్ 21. ఇంగ్లాండ్‌లో మాంచెస్టర్ యూనివర్సిటీ. ఫ్రెడ్డీ విలియమ్స్, టామ్ కిల్‌బర్న్, జెఫ్ టూటిల్ అనే ముగ్గురు కట్టిన ‘బేబీ’ అనే యంత్రం తన మొదటి ప్రోగ్రామ్‌ని నడిపింది. ప్రోగ్రామ్‌ని కూడా మెమరీలోనే పెట్టుకుని నడిచిన మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ అది. ఒక పెద్ద సంఖ్యకి, ఆ సంఖ్య కాకుండా, అన్నిటికంటే పెద్ద భాజకం వెతకడానికి 52 నిమిషాలు పట్టింది.

దాని మెమరీ ఎంతో తెలుసా? 32 పదాలు, ఒక్కో పదం 32 బిట్లు. మొత్తం 1,024 బిట్లు, అంటే 128 బైట్లు. పాత టీవీల్లో ఉండే పిక్చర్ ట్యూబ్ లాంటి దాని మీద చుక్కల రూపంలో ఆ బిట్లు దాచేవాళ్ళు.

128 బైట్లు అంటే ఎంత? పెళ్లి కార్డు లెక్కలో చెప్తాను. ఇప్పటి యూనికోడ్‌లో తెలుగు అక్షరానికి, గుణింతానికి, పొల్లుకి, ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. కార్డు పైన వేస్తాం కదా, ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ అని, ఆ ఒక్క లైనుకే 86 బైట్లు. ఇంక 42 బైట్లు మిగులుతాయి. పెళ్లికొడుకు పేరు కాస్త పొడుగైతే చాలు, ‘మెమరీ చాలట్లేదు’ అనే స్థితి వచ్చేస్తుంది!

అంటే మెమరీ కరువు కంప్యూటర్‌తో పాటే పుట్టింది.

మొదటి ఉపాయం: అప్పు చెయ్యి

తర్వాత పదేళ్ళలో కోర్ మెమరీ వచ్చింది. చిన్న చిన్న ఫెరైట్ రింగులు, ఒక్కో రింగు ఒక్కో బిట్. వాటిలోంచి సన్నటి తీగలు దూర్చి అల్లాలి. చాలాచోట్ల ఆ అల్లిక పని మహిళలు చేతులతో చేసేవారు. అందుకే మెమరీ అంటే బంగారంతో సమానం. దాంతో పాటు డ్రమ్ అనే తిరిగే అయస్కాంత పీపా ఉండేది. చవక, కానీ నిదానం. కోర్ అంటే టేబుల్, డ్రమ్ అంటే బీరువా అనుకోండి.

అప్పట్లో టేబుల్ మీద ఏం ఉంచాలి, ఎప్పుడు బీరువాలో పెట్టాలి అనేది ప్రోగ్రామ్ రాసేవాళ్ళే నిర్ణయించాలి. లెక్క రాయడం ఒక పని, సామాను సర్దడం ఇంకో పని. సగం బుర్ర సర్దుడికే పోయేది.

ఇక్కడ మళ్ళీ టామ్ కిల్‌బర్న్ వస్తారు. ఆయన టీమ్ కట్టిన అట్లాస్ కంప్యూటర్ 1962 డిసెంబర్ 7న మాంచెస్టర్‌లో అధికారికంగా మొదలైంది. దాని కోర్ మెమరీ 16,384 పదాలు, ఒక్కోటి 48 బిట్లు. ఇప్పటి లెక్కలో 96 కేబీ. పారిటీ బిట్లు వదిలేసినా 7,86,432 రింగులు! డ్రమ్ మీద దానికి ఆరు రెట్లు చోటు.

అట్లాస్ చేసిన మాయ ఏంటంటే, ఈ రెండిటినీ కలిపి ప్రోగ్రామ్‌కి ఒకే పెద్ద మెమరీలా చూపించింది. మెమరీని 512 పదాల పేజీలుగా విడగొట్టింది. కావాల్సిన పేజీ కోర్‌లో లేకపోతే యంత్రమే ఆగి, డ్రమ్ మీద నుంచి తెచ్చుకుంటుంది. చోటు లేకపోతే ఏ పేజీని బయటికి పంపాలో కూడా అదే చూసుకుంటుంది. ఏ పేజీని ఎంతసేపట్నుంచి ముట్టుకోలేదో గమనించి, ఇప్పట్లో అవసరం పడనిదేదో అంచనా వేసే ప్రోగ్రామ్ ఒకటి దాంట్లో ఉండేది.

దీన్నే తర్వాత వర్చువల్ మెమరీ అన్నారు. మా ఇంట్లో 2007లో లేచిన బెలూన్‌లో ఉన్న ‘వర్చువల్ మెమరీ’, ‘పేజింగ్’ అనే మాటల వెనకున్న పని ఇదే.

మరి అప్పు మీద అప్పు చేస్తూ పోతే? నాన్న ఒక్క కార్డు కోసం కాగితం తీసుకుని కూర్చునేలోపు ఇంకో కాగితం కోసం లేవాలి, దాన్ని పట్టుకుని కూర్చునేలోపు మొదటిది బీరువాలోకి వెళ్ళిపోయింది. రోజంతా లేవడం, కూర్చోవడం. ఒక్క అక్షరం టైప్ కాదు. కంప్యూటర్లలో దీన్ని థ్రాషింగ్ అంటారు. 1968లో పీటర్ డెన్నింగ్ ఇది ఎందుకు జరుగుతుందో వివరించారు. ప్రతి ప్రోగ్రామ్‌కీ ఒక సమయంలో తప్పనిసరిగా టేబుల్ మీద ఉండాల్సిన కొన్ని పేజీలు ఉంటాయి, అవి కూడా పట్టకపోతే ఎంత అప్పు ఇచ్చినా పని సాగదు అన్నారు. ఆ కట్టని ‘వర్కింగ్ సెట్’ అన్నారు. ఆ రాత్రి మా కంప్యూటర్ బిగుసుకుపోలేదు అండీ. లోపల విపరీతంగా పరిగెడుతోంది. బీరువాకీ టేబుల్‌కీ మధ్య.

రెండో ఉపాయం: కొన్నిటిని వదిలెయ్యి

ఇప్పుడు చరిత్రలో అన్నిటికంటే ఫేమస్ అయిన మెమరీ వార్నింగ్ దగ్గరికి వెళ్దాం. అది వచ్చింది ఇంట్లో కాదు, చంద్రుడి మీదకి దిగుతుండగా.

1969 జూలై 20. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్ కిందకి దిగుతున్నారు. కంప్యూటర్ మీద ఒక నంబర్ వెలిగింది: 1202. వాళ్ళకి అది ఏంటో వెంటనే తెలియలేదు.

ఆ కంప్యూటర్‌లో మార్చుకోవడానికి వీలైన మెమరీ 2,048 పదాలు, అంటే సుమారు 4 కేబీ. ప్రతి పనికీ దాంట్లోంచి ఒక చిన్న గడి కేటాయిస్తారు. పని అయిపోతే గడి ఖాళీ. ఆ రోజు, దిగడానికి అవసరం లేని ఒక రాడార్ వైపు నుంచి అనవసరమైన సిగ్నళ్ళు వస్తూ కంప్యూటర్ టైమ్ తినేస్తున్నాయి. దాంతో పాత పనులు పూర్తికాక ముందే కొత్త పనులు వచ్చి పడ్డాయి. గడులు అయిపోయాయి. 1202 అంటే అదే: కొత్త పనికి ఇవ్వడానికి గడి లేదు. కాసేపటికి 1201 కూడా వచ్చింది. అది కూడా ఆ కోవలోదే, ఇంకో రకం చోటు అయిపోయిందని.

కానీ ఆ కంప్యూటర్ బిగుసుకుపోలేదు. మార్గరెట్ హామిల్టన్ నడిపించిన ఎంఐటీ సాఫ్ట్‌వేర్ టీమ్ దీనికి ముందే సిద్ధం చేసింది. చోటు అయిపోతే కంప్యూటర్ తనని తాను రీస్టార్ట్ చేసుకుంటుంది. తక్కువ ముఖ్యమైన పనులు వదిలేసి, దిగడానికి కావాల్సినవి మాత్రం మళ్ళీ అందుకుంటుంది. ఇది రెండో ఉపాయం. టేబుల్ నిండితే ముఖ్యం కానివి కింద పడెయ్యడం.

అయితే నాకు ఇందులో బాగా తగిలింది సాఫ్ట్‌వేర్ కాదు, ఒక కాగితం. భూమి మీద కంట్రోల్ రూమ్‌లో నిర్ణయం చెప్పాల్సింది స్టీవ్ బేల్స్, వయసు 26. ఆయనకి వెనక నుంచి సహాయం చేసింది జాక్ గార్మన్, వయసు 24. అంతకు కొన్ని వారాల ముందు ప్రాక్టీసులో ఇలాంటి అలారమే వస్తే కంగారుపడి ల్యాండింగ్ రద్దు అన్నారు. అది తప్పు నిర్ణయం. అప్పుడు ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్, రాగలిగిన ప్రతి అలారానికీ ఏం చెయ్యాలో రాసుకోమన్నారు. గార్మన్ చేత్తో ఒక లిస్టు రాసుకున్నారు. నిజంగా 1202 వచ్చినప్పుడు ఆ కాగితం ఆయన ముందుంది. అలారం ఆగకుండా వస్తుంటే తప్ప భయం లేదని చెప్పారు, ‘గో’ అన్నారు, దిగారు.

మా నాన్నకి కూడా అలాంటి వార్నింగే వచ్చింది. ఆయన దగ్గర ఆ కాగితం లేదు. తేడా అంతే.

మెమరీ కరువు ఇంటికి వచ్చింది

1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చింది. బేసిక్ మోడల్‌లో 16 కేబీ మెమరీ. దాంట్లోని ఇంటెల్ 8088 ప్రాసెసర్ మొత్తం 1 ఎంబీ వరకే చూడగలదు. అందులో 384 కేబీ స్క్రీన్‌కీ, లోపలి సామానుకీ పక్కన పెట్టి, ప్రోగ్రాములకి 640 కేబీ ఉంచారు. ‘640 కేబీ ఎవరికైనా చాలు’ అని బిల్ గేట్స్ అన్నారని మీమ్స్ తిరుగుతుంటాయి. అలా అనలేదని ఆయన చెప్పారు, అన్నట్టు రుజువు కూడా లేదు. కానీ ఆ గోడ మాత్రం నిజం. దాదాపు పదిహేనేళ్ళు జనం దానితో కుస్తీ పట్టారు. 1985లో లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఎక్స్‌పాండెడ్ మెమరీ అనే పద్ధతి పెట్టాయి. అదనపు మెమరీని చిన్న కిటికీలోంచి ముక్కలు ముక్కలుగా చూడటం అన్నమాట. 1993లో డాస్ 6 అయితే ఏ డ్రైవర్‌ని ఎక్కడ సర్దితే కొన్ని కేబీలు మిగులుతాయో వెతికే ఒక టూల్‌తో వచ్చింది. ఒక గేమ్ ఆడాలంటే ముందు మెమరీ సర్దాలి!

1985లోనే ఇంటెల్ 386 వచ్చింది. పేజీల పని హార్డ్‌వేర్‌లోనే చేసే ప్రాసెసర్. 1990లో విండోస్ 3.0 దాన్ని వాడుకుని హార్డ్ డిస్క్‌లో స్వాప్ ఫైల్ పెట్టింది. అట్లాస్ ఉపాయం మామూలు ఇళ్ళలోని విండోస్ దాకా రావడానికి 28 ఏళ్ళు పట్టింది.

మరి ఇంకొంచెం ర్యామ్ కొనుక్కోవచ్చు కదా అంటారా? 1993 జూలై 4న జపాన్‌లో నీహామా అనే ఊళ్ళో సుమిటోమో కెమికల్ ప్లాంట్‌లో పేలుడు జరిగింది. చిప్‌ల పైపొర కోసం వాడే రెసిన్‌లో ప్రపంచ సరఫరా సగానికి పైగా అక్కడి నుంచే. ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగిరిపోయాయి. ఆ తర్వాత రెండేళ్ళకి, 1995 ఆగస్టులో, విండోస్ 95 వచ్చింది. కనీసం 4 ఎంబీ కావాలన్నారు. 4 ఎంబీతో నడిపినవాళ్ళకి అది ఎంత నరకమో తెలుసు. ర్యామ్ ఖరీదు, అవసరం ఎక్కువ. మోసానికి ఇంతకంటే మంచి టైమ్ ఉంటుందా?

సాఫ్ట్‌ర్యామ్ 95 అని అమెరికాలో ఒక ప్రోగ్రామ్ వచ్చింది. మీ మెమరీని కుదించి రెట్టింపు చేస్తుంది అన్నారు. లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. కొంతమంది ప్రోగ్రామర్లు దాన్ని విప్పి చూశారు. కుదించాల్సిన చోట అది ఏమీ కుదించట్లేదు. డేటాని ఉన్నదున్నట్టు కాపీ చేస్తోంది. స్క్రీన్ మీద మాత్రం ‘మెమరీ పెరిగింది’ అని అంకెలు చూపిస్తోంది. 1996లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద చర్య తీసుకుంది.

మా నాన్నకి అమ్మిన సీడీ గుర్తుందా? పన్నెండేళ్ళ తర్వాత, వేరే దేశంలో, వేరే పేరుతో. అదే ఆట. అది మెమరీ పెంచకపోగా తనే కొంచెం టేబుల్ ఆక్రమించింది.

చివరికి మా ఇంట్లో ఏం జరిగింది?

అక్క కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసే సార్ ఒకాయన కార్డుల పని మీద మా ఇంటికి వచ్చారు. బెలూన్ లేస్తే నాన్న అలవాటుగా మూయబోయారు. ‘ఒక్క నిమిషం ఆగండి మాస్టారూ, చదవనివ్వండి’ అన్నారాయన. కంప్యూటర్ కొన్న ఇన్నేళ్ళలో ఆ బెలూన్‌ని చదువుతానన్న మొదటి మనిషి.

టాస్క్ మేనేజర్ తెరిచారు. 128 ఎంబీలో 32 ఎంబీ డిస్‌ప్లేకే పోతోంది. విండోస్ ఎక్స్‌పీ మామూలుగా పేజింగ్ ఫైల్‌ని ర్యామ్‌కి ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి, అవసరమైతే మూడు రెట్ల దాకా పెంచుకుంటుంది. మా దాంట్లో పెరగడానికి చోటు లేదు, ఎందుకంటే సీ డ్రైవ్ నిండా సినిమాలు. అవి ఎవరివి అని అడక్కండి, నావే. సినిమాలు తీయించేసి, 256 ఎంబీ ర్యామ్ ఒకటి వేయించమన్నారు. వెయ్యికి అటూ ఇటూ అయింది. రెండు ఫార్మాట్లు, సీడీకి పెట్టిన డబ్బుల కంటే తక్కువ. ఆ తర్వాత ఆ కంప్యూటర్ ఇంకో నాలుగేళ్ళు పని చేసింది.

నేను బీటెక్ చేసి, హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక ఒక రాత్రి నేను రాసిన ప్రోగ్రామ్ సర్వర్‌లో చచ్చిపోయింది. తప్పు నాదే, తీసుకున్న మెమరీ తిరిగి ఇవ్వట్లేదు. లాగ్‌లో చూస్తే లినక్స్ దాన్ని చంపేసిందని ఉంది. మెమరీ పూర్తిగా అయిపోతే ఏ ప్రోగ్రామ్‌ని చంపాలో మార్కులు వేసి ఎంచుకునే భాగం లినక్స్‌లో ఉంటుంది. పేరే ‘ఓఓఎం కిల్లర్’. ఆ లాగ్ చదువుతుంటే నాకు ఆ పసుపు బెలూనే గుర్తొచ్చింది. ఈ చరిత్రంతా వెతకడం అప్పుడు మొదలుపెట్టాను.

మూడో ఉపాయం, మీ ఫోన్

మూడో ఉపాయం కుదించడం. సాఫ్ట్‌ర్యామ్ అబద్ధం చెప్పినా ఐడియా మాత్రం మంచిదే. బీరువాకి వెళ్ళే బదులు, టేబుల్ మీదే కాగితాలు మడతపెట్టి ఒక మూల పెట్టుకోవడం. 2013లో ఆపిల్ మ్యాక్‌లో, 2015లో విండోస్ 10లో ఇది నిజంగా వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో జెడ్‌ర్యామ్ పేరుతో ఉండేది ఇదే.

2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ర్యామ్ 192 ఎంబీ. మా నాన్న కంప్యూటర్ కంటే కాస్తే ఎక్కువ. అందుకే ఆండ్రాయిడ్ మొదటి రోజు నుంచే అపోలో దారి పట్టింది: వెనక ఉన్న, మీరు ఇప్పుడు చూడని యాప్‌ని చంపెయ్యడం. మీరు రీల్ చూస్తూ వాట్సాప్‌కి వెళ్ళి, నాలుగు యాప్‌లు తిరిగి వెనక్కి వస్తే ఆ రీల్ పోయి మొదటి నుంచి లోడ్ అవుతుంది చూడండి, అదే. అక్కడ మీకు బెలూన్ రాదు. వార్నింగ్ యాప్‌కి వెళ్తుంది, మీకు కాదు.

ఇక ఫోన్ డబ్బా మీద ‘8 జీబీ + 8 జీబీ’ అని రాస్తారు కదా? ఆ రెండో 8 జీబీ ర్యామ్ కాదు. మీ స్టోరేజ్‌లోంచి తీసుకున్న అర. 1962 నాటి అట్లాస్ ఉపాయం, కొత్త స్టిక్కర్‌తో. అబద్ధం అనను, కొంత ఉపయోగం ఉంది. కానీ బీరువాని టేబుల్ అని అమ్ముతుంటే అడగాల్సింది మనమే.

మన కాగితం

అప్పు చెయ్యడం, వదిలెయ్యడం, కుదించడం. ఇన్నేళ్ళలో మెమరీ చాలనప్పుడు కంప్యూటర్లు చేస్తున్నవి ఈ మూడే. నాలుగోది ఒక్కటే: నిజంగా ర్యామ్ కొనడం. ఈ నాలుగింటిలో లేని మాయ ఎవరైనా అమ్ముతుంటే అది సాఫ్ట్‌ర్యామే అనుకోండి.

అందుకే గార్మన్ కాగితం లాంటిది ఒకటి చెప్తాను, రాసుకోండి.

ఇంట్లో కంప్యూటర్ మెమరీ తక్కువైందని చెప్తే ముందు ఫైల్ సేవ్ చెయ్యండి. తర్వాతే మిగతావి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మెమరీ అనే చోట నొక్కితే ఎక్కువ తింటున్నది పైకి వస్తుంది. చాలాసార్లు బ్రౌజరే. మీరు ఏం చెయ్యకపోయినా ఒక ప్రోగ్రామ్ గంట గంటకీ పెరుగుతుంటే అది నాలాంటివాడు రాసిన తప్పు, మూసి తెరవండి, అప్‌డేట్ ఉంటే చెయ్యండి.

పర్ఫార్మెన్స్‌లో మెమరీ చూస్తే ‘కమిటెడ్’ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది రెండోదానికి దగ్గరవుతుంటే టేబుల్, అర రెండూ నిండుతున్నాయని అర్థం. పేజింగ్ ఫైల్ తీసేస్తే స్పీడ్ వస్తుందని ఎవరో చెప్తారు, తీయకండి. సైజు విండోస్‌కే వదిలేసి, సీ డ్రైవ్‌లో చోటు ఉంచండి. ఎస్ఎస్‌డీ వేస్తే బీరువా దగ్గరికి జరుగుతుంది, టేబుల్ పెద్దదవ్వదు. ర్యామ్ కొనేముందు అక్కడే స్లాట్లు ఎన్ని వాడారో చూడండి. సన్నటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడం కుదరదు. ముందే కనుక్కోండి.

ఫోన్‌లో అయితే ర్యామ్ బూస్టర్ యాప్‌లు వద్దు. పది నిమిషాలకోసారి యాప్‌లన్నీ తోసెయ్యక్కర్లేదు కూడా. ఎవరిని పంపాలో ఆండ్రాయిడ్ చూసుకుంటుంది. మీరు తోసేస్తే మళ్ళీ మొదటి నుంచి తెరవడానికి బ్యాటరీ ఖర్చు.

అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో అమ్మో నాన్నో ‘ఇదేదో వచ్చిందిరా’ అని ఫోన్ చూపిస్తే, ‘ఓకే నొక్కెయ్ నాన్నా’ అనకండి. ఒక్కసారి చదివి, అదేం అంటోందో తెలుగులో చెప్పండి. ఒక నిమిషం పడుతుంది.

మా నాన్న ఇప్పుడు డీటీపీ చెయ్యట్లేదు. కార్డులన్నీ వాట్సాప్‌లోకి వెళ్ళిపోయాయి కదా. మొన్న సంక్రాంతికి వెళ్తే నా ల్యాప్‌టాప్‌లో మా కాలనీ సంఘానికి ఒక ఉత్తరం టైప్ చేస్తున్నారు. ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది, తనంతట తానే సేవ్ అవుతుంది అని చెప్పాను. సరే అన్నారు. చూస్తే, ప్రతి లైను అయ్యాక చెయ్యి దానంతట అదే కంట్రోల్, ఎస్ మీదకి వెళ్తోంది.

నేనేం అనలేదు. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.